ఊరి ఋణం

1915వ సంవత్సరంలో గిల్బర్ట్ స్లేటర్ అనే ఆంగ్లేయుడు మద్రాసు విశ్వవిద్యాలయంలో భారత ఆర్థికశాస్త్రానికి తొలి ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. ఈ దేశపు పల్లెల ఆర్థికస్థితిని బోధించవలసిన ఆయనకు ఆ పల్లెలు తెలియవు. ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు తెలుసు. అయితే తమ ఊరి చెరువు, తమ పొలం కౌలు, తమ ఇంటి అప్పు కూడా చదువులో భాగమేనని వారికి చెప్పేవారు అరుదు. స్లేటర్ ఒక ప్రశ్నావళిని సిద్ధంచేసి, సెలవులకు ఇళ్ళకు వెళ్ళే విద్యార్థుల చేతికిచ్చి, సొంత ఊళ్ళ స్థితిగతులను విచారించి వ్రాసుకొని రమ్మన్నాడు. 1916లో అలా మొదలైన అధ్యయనాలు 1918లో 'సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్' అనే గ్రంథంగా వెలువడ్డాయి. దక్షిణార్కాడు జిల్లాలోని ఇరువేల్పట్టు, ఉత్తరార్కాడులోని దూసి, తిరునల్వేలి ప్రాంతపు గంగైకొండాన్ వంటి పల్లెలు అందులో చోటుచేసుకున్నాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు కోస్తా, రాయలసీమ కళాశాలలు కూడా మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోనివే గనుక ఈ వృత్తాంతం తెలుగువారికి పరాయిది కాదు.

విద్యార్థులు వ్రాసిన ఆ పుటలకు దక్కిన ఆయుష్షు ఆశ్చర్యకరమైనది. ఇరవై ఏళ్ళ తరువాత, 1936–37లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్‌ల ఆధ్వర్యంలో ఆ పల్లెలను మళ్ళీ పరిశీలించారు. 1961లో మరొకసారి పరిశీలన జరిగింది. ఇరువేల్పట్టుకైతే 1980వ దశకంలోను, 2008లోను కూడా పరిశోధకులు వెళ్ళారు. ఒక పల్లెలో భూమి ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారిందో, కూలిపని తీరు ఎలా మారిందో తొంభై ఏళ్ళపాటు వెంబడించి చూడగలగడం ఏ దేశంలోనైనా అరుదైన అవకాశం. దానికి మొదటి మెట్టు సెలవుల్లో ఇంటికి వెళ్ళిన విద్యార్థి వేసిన లెక్క. ఆ విద్యార్థులు గొప్ప సిద్ధాంతాలేవీ ప్రతిపాదించలేదు. ఉన్నదాన్ని ఉన్నట్లు లెక్కించారు. అంతకుమించి వారినుండి ఆశించవలసిందీ లేదు.

ఒక లోపాన్ని మాత్రం ఒప్పుకోక తప్పదు. ఆనాడు కళాశాల గడప తొక్కినవారిలో అధికులు కలిగిన ఇళ్ళ బిడ్డలు. ఊరి పెద్ద కొడుకు పలకా బలపం పట్టుకొని పాలేరు గుడిసెముందు నిలబడి "నీకు అప్పెంత ఉంది?" అని అడిగితే, ఆ అప్పు ఇచ్చినవాడు ఆ అబ్బాయి తండ్రే అయినప్పుడు, వచ్చే జవాబు ఏపాటిదో ఊహించవచ్చు. నేటి పరిస్థితి వేరు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చదివేవారిలో తమ ఇంట తొలిసారి కళాశాల ముఖం చూసినవారు ఎందరో ఉన్నారు. కూలికి వెళ్ళే తల్లికి పుట్టిన అమ్మాయి కూలిరేట్ల గురించి అడిగితే దాపరికం తక్కువగా ఉంటుంది. ఏ ప్రశ్న అడగాలో కూడా ఆమెకు తెలిసినంతగా ఆచార్యునికి తెలియదు. స్లేటరుకు లభించని ఈ సంపద నేటి విశ్వవిద్యాలయాలకు అయాచితంగా లభించింది.

దీన్ని వినియోగించుకోవడానికి ఏర్పాట్లు లేకపోలేదు. 1969లో జాతీయ సేవా పథకం ఆరంభమయింది. అందులో సేవకు దక్కిన ప్రాధాన్యం పరిశీలనకు దక్కలేదు. రోడ్డు ఊడ్చి వచ్చినవారు ఆ రోడ్డుమీదికి చెత్త ఎందుకు వస్తున్నదో విచారించడం తక్కువ. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు డిగ్రీ విద్యార్థులందరికీ పర్యావరణ అధ్యయనం తప్పనిసరి అయినప్పుడు, విశ్వవిద్యాలయ నిధుల సంఘం రూపొందించిన పాఠ్యప్రణాళికలో 100 మార్కులకుగాను 25 మార్కులు క్షేత్ర పరిశీలనకే కేటాయించారు. 2014లో ఆరంభమైన ఉన్నత భారత్ అభియాన్ ఒక్కొక్క విద్యాసంస్థ కనీసం 5 గ్రామాలను ఎంచుకోవాలన్నది. తెలంగాణలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థులకు 'జిజ్ఞాస' పేరుతో అధ్యయన ప్రాజెక్టుల పోటీలు నిర్వహించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుండి వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక మరింత ముందుకు వెళ్ళి, మొదటి సంవత్సరం ముగిశాక 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును విధించింది. ముందు ఊరి స్థితిగతుల సర్వే, తరువాత ప్రజలకు అవగాహన కల్పించడం, ఆపైన ఒక సమస్యపై అధ్యయనం, చివరకు నివేదిక. కాగితంమీద ఇంతకంటె చక్కని క్రమం ఉండదు.

ఆచరణలో తడబాటు ఎక్కడో కాదు, శీర్షికలోనే మొదలవుతున్నది. "గ్రామీణాభివృద్ధి – సవాళ్ళు", "మహిళా సాధికారత – ఒక పరిశీలన" వంటి పేర్లు ఎంచుకున్న విద్యార్థికి ఊరికి వెళ్ళే అవసరమే కలగదు. అలాంటి నివేదికను ఊరి పేరు మార్చి ఏ జిల్లాలోనైనా సమర్పించవచ్చు, సమర్పిస్తున్నవారూ ఉన్నారు. జిరాక్సు దుకాణంలో తయారుగా దొరికే నివేదికకు అట్ట వేయించి, ఎవరూ నింపని ప్రశ్నావళికి శాతాలు కట్టి, పట్టికలు గీసి ఇచ్చే విద్యార్థిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఒక అధ్యాపకునికి అరవై నివేదికలు అప్పగించి పదిరోజులలో మార్కులు పంపమంటే ఆయన చూడగలిగింది అట్టను, పుటల సంఖ్యను మాత్రమే.

ఈ తంతు అంతటిలో నష్టపోతున్నది ఎవరన్నది వేరే ప్రశ్న. ప్రశ్నావళి పట్టుకొని వాకిట నిలిచిన విద్యార్థితో "ఏం వ్రాసుకుంటున్నావు నాయనా? పోయినేడు కూడా నీలాంటి పిల్లలే వచ్చి వ్రాసుకుపోయినారు. మాకేమొచ్చింది?" అని ఒక అవ్వ అంటే, ఆ మాటలో నిష్ఠూరం కంటె లెక్క ఎక్కువ. ఆమె పని మానుకొని అరగంట కూర్చున్నది. ఇంట్లో ఎందరున్నారో, ఎంత సంపాదిస్తారో, మరుగుదొడ్డి ఉందో లేదో, పరాయివారికి చెప్పుకోని సంగతులన్నీ చెప్పింది. ఆ అరగంటకు వెల కట్టి విద్యార్థికి మార్కులు వచ్చాయి, కళాశాలకు గుర్తింపు వచ్చింది. అవ్వకు ఏమీ రాలేదు. తాను చెప్పిన మాట చివరకు ఏమయిందో కూడా ఆమెకు తెలియదు. అప్పు తీసుకొని తిరిగి ముఖం చూపనివాణ్ణి ఊరు ఏమంటుందో అందరికీ తెలుసు.

ఋణం తీర్చడమంటే ఊరి సమస్యను విద్యార్థి పరిష్కరించాలని కాదు. పద్దెనిమిదేళ్ళ విద్యార్థినుండి పరిష్కారాలు కోరడం వల్లనే నివేదికల చివర "ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి" అనే వాక్యం పేరుకుపోయింది. కావలసినది అంతకంటె చిన్నది, అంతకంటె కష్టమైనది. ఫ్లోరైడు సంగతినే తీసుకోవచ్చు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారి వైద్యులు నమోదు చేసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. ప్రకాశం, నల్లగొండ జిల్లాల పల్లెలు ఆ నీటివల్ల పడిన బాధ జగమెరిగినది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే గతి లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చునని భారతీయ ప్రమాణం చెబుతున్నది. రసాయనశాస్త్ర విద్యార్థులు నలుగురు ఒక ఊరిలోని ప్రతి బోరు నీటిని, ప్రతి కుళాయి నీటిని వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి పరీక్షించి, ఏ బోరు ఎంత లోతో, ఏ వీధివారు దేన్ని వాడుతున్నారో ఊరి పటంమీద గుర్తించగలరు. అదే సమయంలో ఇంకొక ప్రశ్న అడగవచ్చు: తాగడానికి 20 లీటర్ల క్యాను కొనుక్కునే ఇంట్లో పప్పు ఉడికేది ఏ నీళ్ళతో? జొన్నకూలికి వెళ్ళినవారు చేనులో ఏ నీళ్ళు తాగుతున్నారు? ఇటువంటి వివరం ఏ కార్యాలయపు పట్టికలోను సులభంగా దొరకదు. వంటింటి దాకా వెళ్ళినవారికే తెలుస్తుంది. ఆ పటాన్ని తిరిగి అదే ఊరిలో, తెలుగులో, పంచాయతీ గోడమీద అంటించిననాడు అవ్వ ప్రశ్నకు జవాబు దొరికినట్లు.

పరిశోధనకు పల్లెకే వెళ్ళాలన్న నియమమూ లేదు. వేలమంది తిని, స్నానాలు చేసి, చెత్త పారవేసే విశ్వవిద్యాలయ ప్రాంగణం తానే ఒక ఊరు. వసతిగృహంలో పూటపూటా మిగిలిపోయే అన్నాన్ని ఒక నెలపాటు తూకం వేసి, ఏ కూర వండిననాడు ఎక్కువ పారేస్తున్నారో వ్రాసిపెట్టడం పరిశోధనే. అయితే వంటవాణ్ణి దోషిగా నిలబెట్టడానికి తూకం వేస్తే అది పరిశోధన కాదు, తగవు. పక్షులను లెక్కపెట్టడం కూడా కొందరికి కాలక్షేపంగా తోచవచ్చు. హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల భూమిపై 2025లో వివాదం రేగినప్పుడు, ఆ ప్రాంగణంలో విద్యార్థులు, ప్రకృతి ప్రేమికులు అంతకుముందు ఏళ్ళతరబడి సేకరించిన పక్షుల, జంతువుల జాబితాలు, ఛాయాచిత్రాలు చర్చకు ఆధారమయ్యాయి. ఆ ఏడు ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడి చెట్ల నరికివేతను ఆపించింది. ఆ భూమి ఎవరిదన్న తగాదాలో ఎవరు ఏ పక్షం వహించినా, అక్కడ ఏముండేదో చెప్పగలిగే వ్రాత ఒకటి ముందే ఉండడం ఇరుపక్షాలకూ అవసరమే. జాబితా వ్రాసిననాడు దాని ప్రయోజనం ఎవరికీ తెలియదు. స్లేటరు విద్యార్థులకూ తెలియలేదు.

ఇంత శ్రమ మూడేళ్ళ డిగ్రీలో సాధ్యమా అని అధ్యాపకులు అడగడం సహజం. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క కొత్త శీర్షిక ఉండాలని పట్టుబట్టినంతకాలం సాధ్యం కాదు. అదే ఊరిని, అదే ప్రశ్నను ఏటేటా కొత్త తరగతికి అప్పగిస్తే మాత్రం సాధ్యమే. మొదటి ఏటివారు బోర్లు లెక్కిస్తారు. రెండవ ఏటివారు ఆ లెక్కను సరిచూస్తారు, తప్పులు పట్టుకొంటారు. తన నివేదికను మరుసటి ఏడు జూనియరు చేత పట్టుకొని అదే వీధిలో తిరుగుతాడని తెలిసిన విద్యార్థి లేని ఇళ్ళకు శాతాలు కట్టడు. పైగా, రెండవసారి వచ్చిన పిల్లలు "పోయినేడు మా అక్కావాళ్ళు వ్రాసుకున్నది ఇదిగో, ఒకసారి వినండి" అని చదివి వినిపిస్తే, "ఆ మాట తప్పు, మా ఇంటి బోరు ఎండిపోయి మూడేళ్ళయింది" అని దిద్దేవారు ఆ వాకిట్లోనే ఉంటారు.

ఇందుకయ్యే ఖర్చు కొద్దిపాటిది. నివేదికకు మూడు ప్రతులు తీయించాలి. ఒకటి కళాశాల గ్రంథాలయానికి, రెండవది గ్రామ పంచాయతీకి, మూడవది ఆ ఊరి బడికి. బడిలో ఉన్న ప్రతిని రేపు తెరిచేవారిలో, ఇంకొక పదేళ్ళకు అదే కళాశాలలో చేరి, అదే ప్రశ్నావళితో అదే ఊరికి తిరిగివచ్చే అమ్మాయి ఒకతె ఉండవచ్చు.