ట్రంప్ జుట్టున్న బుల్లి పురుగు

నియోపాల్పా డొనాల్డ్‌ట్రంపీ. మీమ్ కాదండీ, ఓ మాత్‌కి పెట్టిన అసలు సిసలు శాస్త్రీయ నామం. మాత్ అంటే తెలుసుగా, రాత్రిళ్లు లైటు చుట్టూ గిరగిరా తిరిగే పురుగు. ఇది మరీ బుల్లిది. రెక్కలు చాపినా అటూఇటూగా ఒక సెంటీమీటరే.

2017 జనవరిలో, ట్రంప్ మొదటిసారి ప్రమాణ స్వీకారం చేయడానికి కొద్ది రోజుల ముందు, కెనడా శాస్త్రవేత్త వాజ్రిక్ నజారీ ‘జూకీస్’ అనే పత్రికలో ఈ పేరు ప్రకటించారు. కారణం? పురుగు తల మీద లేత పసుపు, తెలుపు కలిసిన పొలుసులు. ఎవరి హెయిర్‌స్టైల్ గుర్తొస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఇక నెట్‌లో జోకులే జోకులు!

నాకు మాత్రం ఆ జుట్టు కంటే, దాన్ని గుర్తుపట్టిన తీరు నచ్చింది. నియోపాల్పా అనేది ఇంటిపేరు లాంటిది. మన పేర్లలాగే ముందొస్తుంది. అప్పటిదాకా ఆ ఇంటిపేరుతో తెలిసిన జాతి ఒక్కటే, 1998లో పేరు పెట్టిన నియోనాటా. కాలిఫోర్నియాలో డేవిస్ యూనివర్సిటీ వాళ్ల బోహార్ట్ మ్యూజియం ఉంది. అక్కడి నుంచి తెప్పించుకున్న పురుగుల్లో కొన్ని నియోనాటాతో సరిపోలేదు. రెక్కల మీద డిజైన్ వేరు, తల రంగు వేరు. అంతమాత్రాన కొత్త జాతి అనేయరు. ఇంత చిన్న మాత్‌లకు పొలుసులు రాలిపోతే దేన్ని చూసినా ఒకటే. అందుకే పొట్ట చివర కోసి, జననాంగాల ఆకారాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. అక్కడ జాతికీ జాతికీ తేడా తెలుస్తుంది. దానికితోడు డీఎన్‌ఏ బార్‌కోడ్ కూడా పోల్చారు. ఫోన్‌తో ఫొటో తీసి యాప్‌కి చూపిస్తే తేలే వ్యవహారం కాదన్నమాట.

పేరు నచ్చనివాళ్లూ ఉన్నారు లెండి. కానీ జంతువుల పేర్లకు ఓ నియమావళి ఉంది. పద్ధతి ప్రకారం ప్రచురించాక, నచ్చలేదని తీసేయడం కుదరదు.

ఇంతకీ ఇది ఉండేదెక్కడ? దక్షిణ కాలిఫోర్నియా, దాని కింద మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా. అంటే ట్రంప్ గోడ కడతానన్న సరిహద్దుకి అటూ ఇటూ! నజారీ అసలు ఉద్దేశం మాత్రం నవ్వించడం కాదు. ఉత్తర అమెరికాలో ఇంకా పేరు లేని జీవులు బోలెడు. వాటి తావులను కాపాడాలి, జనం అటు చూడాలి అన్నది ఆయన ఆశ. దక్షిణ కాలిఫోర్నియాలో ఊళ్లు పెరిగే కొద్దీ ఖాళీ నేల తగ్గిపోతోంది. పేరే లేని పురుగు పోతే, పోయిందని కూడా ఎవరూ రాసుకోరు. దీనికైతే కనీసం పేరుంది, దొరికిన చోటు రికార్డులో ఉంది. రేపు అక్కడ కనిపించకపోతే అడగడానికి ఆ మాత్రం ఆధారం ఉంది.