కూలివాని చేయి – ఎగుమతి ముద్ర

పల్నాటి రాజుపాలెము ప్రాంతమున ప్రత్తి పండించువారికి జిన్నింగు యంత్రము చిరపరిచితము. దాని రోలర్లలో చిక్కి తెగిన చేయి మరల రాదు. అట్టి యంత్రమునే ఐరోపాకు పంపదలచిన తయారీదారుడు అపాయములను ముందుగ లెక్కించి, కదలు భాగములకు కప్పులమర్చి, పత్రముపై పూచీ వ్రాసి, ‘సీఈ’ ముద్ర వేయవలెను. 2027 జనవరి 20 నుండి వర్తించునట్లు ఐరోపా 2023లో చేసిన నూతన నిబంధనయు దీనినే కోరుచున్నది.

ఇది మనకు క్రొత్తయా? తిరుగు పళ్లచక్రములకు కప్పులేని యంత్రమును అమ్మినవాడు శిక్షార్హుడని 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టమే పలికెను. పరదేశపు చేతికి అమర్చిన కప్పును స్వదేశపు చేతికి మానుట యే ధర్మము? కప్పులేని యంత్రమును కొనబోమని మన మిల్లుయజమానులు ఏకకంఠముగ పలుకవలెనని మేము కోరుచున్నాము. ఆనాడే ఆ ముద్రకు మనయింట విలువ.