బడి యెవరిది?

అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వమునకును నవాహో జాతికిని 1868వ సంవత్సరము జూన్ 1వ తేదీన కుదిరిన సంధిలో ఆరవ షరతు విద్యను గూర్చినది. 6 ఏండ్లు మొదలు 16 ఏండ్ల వరకు గల బాలబాలికలనందరిని బడికి పంపుటకు నవాహోలు అంగీకరించిరి. ప్రతి 30 మంది పిల్లలకు ఒక బడిని, ఒక ఉపాధ్యాయుని ఏర్పరచుటకు ప్రభుత్వము మాట ఇచ్చినది. కాగితము మీద చూచినచో ఇది ఉదారమైన షరతే. అయినను అది అమలు జరిగిన తీరు వలన ఒక జాతి మూడు నాలుగు తరముల పాటు వ్యథ చెందినది. విద్యయే ఒక జాతికి కీడుగా పరిణమించుట ఎట్లు సంభవించినది? ఆ కీడు నుండి అదే జాతి విద్య ద్వారానే ఎట్లు తేరుకొనుచున్నది? ఈ రెండు ప్రశ్నలును ఉపాధ్యాయులును విద్యార్థులును ఆలోచింపదగినవి.

నవాహోలు తమ్ము తాము ‘దినే’ అని పిలుచుకొందురు. జనులు అని దాని అర్థము. అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రములలో విస్తరించిన వారి భూభాగము 27 వేల చదరపు మైళ్లకు మించినది. 2021 నాటికి ఆ జాతి సభ్యుల సంఖ్య దాదాపు 4 లక్షలకు చేరినది. నాలుగు దిక్కులందున్న నాలుగు పవిత్ర పర్వతముల నడిమి నేలయే తమ నివాసమని వారి విశ్వాసము. 1863-64 సంవత్సరములలో కిట్ కార్సన్ అధీనమందలి సైన్యము వారి పైరులను కాల్చి, పీచు తోటలను నరికి, వేలాది జనమును 300 మైళ్లకు పైగా నడిపించి ఫోర్ట్ సమ్నర్ వద్ద నిర్బంధించినది. అచట నాలుగేండ్లు ఆకలికి, రోగములకు లోనైన పిమ్మట, బార్బోన్సిటో మొదలైన పెద్దలు సొంత నేలకు మరలిపోవుటకై సంధికి ఒప్పుకొనిరి. బడిని గూర్చిన షరతు వారికి ప్రాప్తించినది ఆ స్థితిలోనే. అక్షరములు కోరి వారు సంతకము చేయలేదు; ఇల్లు కోరి చేసిరి.

ప్రభుత్వము మాట ఇచ్చిన బడులు సకాలమున రాలేదు. వచ్చినవానిలో పెక్కు వసతి పాఠశాలలు. తల్లిదండ్రులకు దూరముగా, కొన్నిచోట్ల బలవంతముగా, పిల్లలను అందు చేర్చిరి; జుట్టు కత్తిరించిరి; పేరు మార్చిరి; మాతృభాష పలికిన శిక్షించిరి. చెస్టర్ నెజ్ అను నవాహో తన చిన్ననాట బడిలో స్వభాష మాటాడినందుకు సబ్బుతో నోరు కడిగించుకొన్న సంగతిని తన ఆత్మకథలో చెప్పియున్నాడు. చెస్టర్ అను పేరు కూడ బడిలో పెట్టినదే. ఆయనయే 1942లో, రెండవ ప్రపంచ యుద్ధమున, నౌకాదళ పదాతులలో చేరి నవాహో భాషలో రహస్య సంకేతమును నిర్మించిన 29 మందిలో ఒకడైనాడు. తరువాత దాదాపు 400 మంది నవాహోలు ఆ సంకేతమును ఉపయోగించిరి. జపాను సైన్యము దానిని ఛేదింపలేకపోయినది. బడిలో నేరమైన మాట యుద్ధభూమిలో దేశమును కాపాడినది. ఆ సంగతిని 1968 వరకు ప్రభుత్వము వెల్లడింపనీయలేదు.

ఆ బడులు పిల్లల నుండి తీసివేసినది భాషను మాత్రమే కాదు. నవాహోలు ఒకరికొకరు పరిచయము చేసికొనునపుడు పేరుతోపాటు తల్లి వంశమును, తండ్రి వంశమును, మాతామహుని వంశమును, పితామహుని వంశమును వరుసగా చెప్పుదురు. అందువలన అపరిచితుడు కూడ అన్నయో మామయో అగును. ఈ బాంధవ్యమును, దానివెంట వచ్చు బాధ్యతను వారు ‘కే’ అందురు. పసిబిడ్డ తొలిసారి పకపక నవ్వినపుడు, నవ్వించినవారే విందు చేయుదురు. బిడ్డ చేతిమీదుగా అతిథులకు ఉప్పు పంచుదురు. మాటలు రాకమునుపే ఇచ్చు గుణము అలవడవలెనని దాని భావము. మనిషి, కుటుంబము, నేల సామరస్యముతో మెలగు స్థితిని వారు ‘హోజో’ అందురు. ఆరోగ్యము, సౌందర్యము, శాంతి అన్నియు ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి. ఇట్టి శిక్షణ ఇంటనే కలిగిన బిడ్డను ఇంటినుండి వేరుచేయుట ఆ జాతి క్షేమమునకే గొడ్డలిపెట్టు అయినది. తల్లిదండ్రుల లాలన ఎరుగక పెరిగినవారికి తమ బిడ్డలను పెంచుట కష్టమైనది. దెబ్బలు తిన్నవారు తమ పిల్లలకు ఆ భాష నేర్పుటకు జంకిరి. ఆదివాసుల వసతి పాఠశాలలను గూర్చి కేంద్ర ప్రభుత్వము 2024లో వెలువరించిన నివేదిక, దేశమంతట అట్టి బడులలో కనీసము 973 మంది పిల్లలు మరణించినట్లు ధ్రువపరచినది. ఆ ఏడు అక్టోబరులో అధ్యక్షుడు జో బైడెన్ జాతి పక్షమున క్షమాపణ చెప్పెను.

మార్పునకు పునాది 1966లో అరిజోనాలోని రఫ్ రాక్ గ్రామమున పడినది. స్థానికులు ఎన్నుకొన్న నవాహోల సంఘమే పాఠశాలను నడపుట ఆనాడు కొత్త. ఆ సంఘ సభ్యులలో పెక్కుమంది బడి చదువు అంతగా లేనివారు. అయినను బిడ్డలకేమి కావలెనో వారికి తెలియును. తల్లిదండ్రులను వసతి గృహములలో పిల్లలకు తోడుగా నియమించిరి. వృద్ధులను పిలిచి కథలు చెప్పించిరి. నవాహో చరిత్రను, గాథలను పుస్తకములుగా అచ్చువేసిరి. సంప్రదాయ వైద్యులు తమ విద్యను యువకులకు అప్పగించుటకు కూడ అచట ఏర్పాటు జరిగినది. 1968లో నవాహోలు తమ కళాశాలను స్థాపించిరి. ఆదివాసి జాతి తన అధీనమున నడపిన కళాశాలలలో అమెరికాలో అదియే మొదటిది. నేడు దినే కళాశాల అను పేర నడచుచున్న ఆ సంస్థ, ఆలోచన, ప్రణాళిక, జీవనము, స్థైర్యము అను నాలుగు మెట్ల నవాహో తత్త్వమును తన బోధనకు ఆధారముగా గైకొన్నది.

లోకములో బ్రతుకుటకు ఇంగ్లీషు వలదా యని కొందరు శంకింపవచ్చును. దానికి సమాధానముగా ఆనీ వానెకా జీవితము నిలుచును. 1951లో నవాహో శాసన మండలికి ఎన్నికైన ఈమె, క్షయవ్యాధి నివారణకై ఇల్లిల్లు తిరిగినది. వైద్యుల మాట రోగులకు, రోగుల మాట వైద్యులకు బోధపడునట్లు ఇంగ్లీషు వైద్య పదములకు నవాహో అర్థములతో నిఘంటువును కూర్చినది. 1963లో దేశాధ్యక్షుని స్వాతంత్ర్య పతకమును పొందినది. ఆమె ఇంగ్లీషు నేర్చియుండనిచో వైద్యుని చెంతకు చేరగలిగెడిది కాదు. నవాహో మరచియుండినచో రోగి చెంతకు చేరగలిగెడిది కాదు. ప్రాణములను నిలిపినది రెండింటి కలయిక.

పాఠశాలల అనుభవమును ఇట్లే యున్నది. ఫోర్ట్ డిఫయన్స్‌లో 1986లో ఒక ప్రయోగము ఆరంభమైనది. ఆనాటికే అచట బడిలో చేరు అయిదేండ్ల పిల్లలలో పదింట ఒకరికైనను నవాహో చక్కగా మాటాడుట రాదు. కొందరి బిడ్డలకు, వారి తల్లిదండ్రుల సమ్మతితో, తొలి తరగతులను ప్రధానముగా నవాహోలో బోధించి, పిమ్మట క్రమముగా ఇంగ్లీషును పెంచిరి. నాలుగవ తరగతికి వచ్చునప్పటికి ఆ పిల్లలు ఇంగ్లీషులో ఇతరులకు తీసిపోలేదు. గణితములో వారిని మించిరి. ఇంగ్లీషులోనే చదివిన పిల్లలకు మాత్రము మొదట వచ్చిన కొద్దిపాటి నవాహో కూడ తగ్గినది. మాతృభాష బుద్ధికి అడ్డు అను వాదమునకు ఇంతకంటె స్పష్టమైన జవాబు అరుదు.

అయినను కథ సుఖాంతమని చెప్పుటకు వీలులేదు. 2005లో నవాహో ప్రభుత్వము విద్యాధికార చట్టమును చేసికొన్నది. 2013లో ‘స్టార్ వార్స్’ చలనచిత్రము నవాహో మాటలతో వెలువడగా పిల్లలు ఉత్సాహముతో చూచిరి. కాని ఇండ్లలో ఇంగ్లీషే మాటాడు కుటుంబములు నానాటికి పెరుగుచున్నవి. ఇంచుమించు మూడవ వంతు ఇండ్లకు కుళాయి నీరు లేదు. యురేనియము గనులు 1986 నాటికి మూతపడినను, పాడువడిన 500కు పైగా గనుల విషము నేలను, నీటిని బాధించుచునే యున్నది. 2020లో మొదలైన కోవిడ్ మహమ్మారికి 2 వేల మందికి పైగా బలియైరి. వారిలో పాటలను, కర్మకాండను, కథలను హృదయస్థము చేసికొన్న వృద్ధులు ఎందరో. వారితోపాటు ఎవరును వ్రాసిపెట్టని పాఠములు మట్టిలో కలిసినవి. బడి ఒక్కటే ఈ నష్టమును పూడ్పజాలదు. అవ్వ మాటాడిన మాట మనుమని నోట నిలువవలెనన్న, పగలు బడిలో విన్న పలుకు రాత్రి ఇంటను వినబడవలెను.

బడి ఎవరి సొత్తు అను ప్రశ్నకు నవాహోల చరిత్ర ఇచ్చు ఉత్తరము సూటియైనది. 1868లో బడి వారికొక షరతు. 1966లో అది వారి బాధ్యత అయినది. ఆ రెండింటికిని నడుమ పాఠ్యాంశములకంటె ముందు మారినది, పిల్లల గూర్చి నిర్ణయించు అధికారము. ఇంటి మాట తెలిసిన బిడ్డ తరగతిలోనికి వచ్చునపుడు ఉపాధ్యాయుడు దానిని తుడిచివేయవలసిన తప్పుగా గాక, పాఠము మొదలిడదగిన తావుగా చూచుట మేలు. ఆ దృష్టి కలిగిన బడులు తక్కువగా ఉన్నంత కాలము, నవాహో నేలపైననే కాదు, ఏ దేశమునందైనను పిల్లలు చదువు కొరకు తమ ఇంటినే మూల్యముగా చెల్లించుచుందురు.