కణం గడప దాటించే కాంతి

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత జన్యుచికిత్సకు చక్కగా సరిపోతుంది. లోపమున్న జన్యువును సరిదిద్దగల క్రిస్పర్ వంటి సాధనాలు శాస్త్రజ్ఞుల చేతికి వచ్చాయి. కాని వాటిని కణంలోనికి చేర్చడమే నేటికీ కష్టం. పది నానోమీటర్ల మందమైనా లేని కణత్వచం పెద్ద అణువులను గడప దాటనివ్వదు.

ఇందుకు ప్రధానంగా రెండు మార్గాలు వాడుకలో ఉన్నాయి. నిర్వీర్యం చేసిన వైరస్‌లను వాహకాలుగా పంపడం మొదటిది. వాటి తయారీ ఎంతో ఖర్చుతో కూడినది. 1999లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ప్రయోగంలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ యువకుని మరణం అందులోని ప్రమాదాన్ని లోకానికి తెలిపింది. విద్యుత్ ఘాతంతో త్వచంలో రంధ్రాలు చేయడం రెండవది. ఇందులో కొన్ని కణాలు నశిస్తాయి. బ్రతికినవి కొన్ని నీరసిస్తాయి.

మూడవ మార్గం కాంతి. కాంతిని పీల్చుకొనే పాలిమర్ పూతపై కణాలను ఉంచి, క్షణకాలం లేజర్ ప్రసరింపజేస్తే పూత వేడెక్కుతుంది. ఆ వేడికి త్వచంలో సూక్ష్మరంధ్రాలు తెరుచుకొంటాయి. పరిసర ద్రవంలోని పదార్థం లోనికి ప్రవేశిస్తుంది. పిదప త్వచం తనంతట తానే మూసుకొంటుంది. ఇదివరకు బంగారు నానోకణికలను నేరుగా జీవకణాలకు అంటించేవారు. అవి లేజర్ తాకిడికి ముక్కలై కణాలలో మిగిలిపోవచ్చునన్న భయముండేది. 2021లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐరన్ ఆక్సైడ్ కణికలను పాలిమర్ నూలుపోగులలోనే బంధించి ఈ చిక్కును తప్పించారు. పని పూర్తయ్యాక కణాలు వెళ్ళిపోతాయి, కణికలు పోగులలోనే ఉంటాయి. ఈ పద్ధతికి గల అసలైన గొప్పతనం ఇదే.

అయితే ఇటువంటి పూతల విలువ కట్టడంలో తొందర తగదు. మెరిసే రంగు అణువు ఒకటి లోనికి దూరినంత మాత్రాన విజయం సిద్ధించినట్లు కాదు. క్రిస్పర్‌లో కత్తెర వంటి ప్రోటీన్ అణుభారం సుమారు 1,60,000; ప్లాస్మిడ్ డి.ఎన్.ఎ. అంతకు ఎన్నో రెట్లు పెద్దది, పైగా అది కేంద్రకం దాకా చేరాలి. మొదటి రోజు ఎన్ని కణాలు మెరిశాయన్నది కాక, వారం తరువాత ఎన్ని కణాలు బ్రతికి తమ పని చేస్తున్నాయన్నదే ప్రమాణం కావాలి. కాంతి శరీరంలో లోతుగా పోలేదు గనుక, బయటకు తీసి మార్చి తిరిగి ఎక్కించే రక్తకణాల వంటివే దీనికి తగిన రంగం.

ధరను కూడా మొదటినుంచే లెక్కలోనికి తీసుకోవాలి. సికిల్ సెల్ వ్యాధికి 2023లో అమెరికాలో అనుమతి పొందిన క్రిస్పర్ చికిత్స, కాస్‌జెవీ, ధర 22 లక్షల డాలర్లు. ఆంధ్ర, తెలంగాణ గిరిజన ప్రాంతాలలోనూ ఈ వ్యాధి ఉన్నది. అక్కడి కుటుంబాలకు ఆ అంకె ఊహకైనా అందదు. అంత ధరకు కణప్రవేశం ఒక్కటే కారణం కాదు, నిజమే. కాని తగ్గించగల ఖర్చును తగ్గించకపోవడానికి అది సాకు కారాదు. ఆల్చిప్పల జిగురు స్ఫూర్తితో 2007లో వెలువడిన పాలిడోపమీన్ పూతకు, స్వల్ప క్షారగుణం గల నీటిలో డోపమీన్ కరిగించి వస్తువును ముంచితే చాలు. అది కాంతిని పీల్చి వేడిగా మార్చగలదు కూడా. ఇంత సులభమైన రసాయనశాస్త్రం చేతిలో ఉండగా, ఖరీదైన లేజర్లకే లొంగే పూతలను కాక, చవక దీపాలతో పనిచేసే పూతలను రూపొందించడమే రసాయన శాస్త్రజ్ఞుల కర్తవ్యం. ప్రవాసంలోని తెలుగు పరిశోధకులకూ ఇందులో చేయదగిన పని ఎంతో ఉన్నది.