దుబాయి అంటే ఏ దేశం?

ఎల్లంతకుంటలోనో కోరుట్లలోనో ఇంటాయన ఎక్కడున్నాడని అడగండి. "దుబాయిలున్నడు" అంటారు. ఆ మనిషి మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తూ ఉండొచ్చు, సౌదీలో మేకలు కాస్తూ ఉండొచ్చు. ఊళ్లో ఆ మాట సరిపోతుంది. దవాఖానా కేస్‌షీట్‌లో మాత్రం సరిపోదు.

ఎందుకంటే సౌదీ నైరుతి కొసన జిజాన్, అసీర్ ప్రాంతాలున్నాయి. బాసిడియోబోలస్ రనారమ్ అనే ఫంగస్ కడుపులో గడ్డ కట్టిన కేసులు ఎక్కువగా నమోదైన చోట్లలో అవి ముఖ్యమైనవి. 1994-99 మధ్య అమెరికాలోని అరిజోనాలోనూ కొన్ని బయటపడ్డాయి. రనారమ్ అంటే కప్పలకు చెందినది. కప్పలు, తొండలు, బల్లుల పేగుల్లో, కుళ్లిన ఆకుల్లో ఈ ఫంగస్ ఉంటుంది. ఆ లెక్కన మన చెరువుకట్టలకూ కొత్తది కాదు. దక్షిణ భారతంలో ఇది పిల్లల తొడల మీద, పిరుదుల మీద గట్టి వాపుగా కనిపించడం చర్మవైద్యులకు తెలుసు. పేగుల్లోకి దిగడమే అరుదు. మట్టి అంటిన తిండితో లోపలికి పోతుందని అంచనా.

దిగితే ఏమవుతుంది? కడుపునొప్పి, సన్నజ్వరం, బరువు తగ్గడం, స్కానింగ్‌లో పెద్దపేగు దగ్గర గడ్డ. ఈ వరస చూసి మన డాక్టర్ పేగుల టీబీ అనుకుంటే తప్పుపట్టలేం, ఇక్కడ అదే ఎక్కువ. వయసు మళ్లినవారైతే క్యాన్సర్ అనుకుంటారు. క్రోన్స్ అనే పేగువాపు జబ్బు అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెడితే మాత్రం ఫంగస్‌కు దారి వేసినట్టే. టీబీ మాత్రలు వాడుతున్నా గడ్డ కరగకపోతే, ఆ మాత్రల మీద ఇంకెన్ని నెలలు నెట్టుకొస్తారన్నదే నా ప్రశ్న.

ఆనవాలు చాలాసార్లు మామూలు రక్తపరీక్షలోనే ఉంటుంది. ఈ జబ్బులో ఈసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు బాగా పెరుగుతాయి. టీబీలో సాధారణంగా అలా పెరగవు. మన దగ్గర ఆ అంకె పెరిగితే నులిపురుగులని ఒక ఆల్బెండజోల్ మాత్ర రాస్తారు. పురుగులే కావచ్చు కూడా. కానీ గడ్డతో పాటు ఆ అంకె పెరిగితే ఒక్క మాత్రతో వదిలేయకూడదు.

అసలు నష్టం ఆపరేషన్ గదిలో జరుగుతుంది. తీసిన ముక్కనంతా ఫార్మలిన్‌లో వేస్తారు. ఫార్మలిన్‌లో ఫంగస్ చచ్చిపోతుంది, ఇక కల్చర్ చేయడానికి ఏమీ మిగలదు. సగం ముక్కను సెలైన్‌లో వేసి మైక్రోబయాలజీకి పంపితే చాలు. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు. సర్జన్‌కు ముందే అనుమానం రావాలి, అంతే.

ఫంగస్ అని తేలినా ఇంకో చిక్కుంది. 2021 మే 20న తెలంగాణ రాష్ట్రం బ్లాక్ ఫంగస్‌ను (మ్యూకర్) నోటిఫై చేసినప్పటి నుంచి మనకు ఫంగస్ అంటే కన్ను, ముక్కు, కోఠి ఈఎన్‌టీ దవాఖానా. అదే నెలలో ఢిల్లీ సర్ గంగారామ్ ఆసుపత్రిలో ఇద్దరికి అదే ఫంగస్ చిన్నపేగుకు చిల్లులు పెట్టిన సంగతి ఎక్కువమందికి గుర్తులేదు. మైక్రోస్కోప్ కింద ఈ రెండు ఫంగస్‌ల పోగులూ వెడల్పుగా, దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మ్యూకర్ రక్తనాళాల్లోకి చొరబడుతుంది, బాసిడియోబోలస్ సాధారణంగా చొరబడదు. పొరబడితే రోగికి ఆంఫోటెరిసిన్ ఎక్కుతుంది, బాసిడియోబోలస్‌కు అది నమ్మదగ్గ మందు కాదు. దానికి నెలల తరబడి ఇట్రాకొనజోల్ వంటివి కావాలి, కొన్నిసార్లు ఆపరేషన్ కూడా.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. పాథాలజీ, మైక్రోబయాలజీ విభాగాలు లేకుండా మెడికల్ కాలేజీ ఉండదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ఇంటికొకరున్న జిల్లాల్లో ఆ విభాగాలు పాఠాలకే పరిమితం కావడం నాకు మింగుడుపడదు. ఓపీ చీటీలో పేరు, వయసు కింద ఇంకో గీత గీయండి: ఏ దేశం, ఏ ఊరు, ఏం పని. "దుబాయి" అని రాయించుకుని ఊరుకోకుండా, నర్సమ్మ ఇంకోమాటు అడగాలి.