వేలికి తాళం ఎవరు వేస్తారు?

గోప్యత సంగతి ఎత్తితే చాలు, 'దాచుకోడానికి మన దగ్గరేముంది?' అంటారు మనోళ్ళు. నిజమే, బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్ళల్లో ఎవరి వాడ ఎటుందో చెప్పడానికి కంప్యూటరు కావాలా? కానీ ఊరికి తెలిసుండడం వేరు, జాబితా కట్టి లోకం ముందు పెట్టడం వేరు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు 2017 ఆగస్టు 24న ఒక్కమాటగా చెప్పారు. ఏడాది తిరక్కముందే, 2018 ఏప్రిల్లో, మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 34 వేలమంది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం బట్టబయలుగా కనబడ్డాయి. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి ఏరుకుని ఇల్లెక్కడో మ్యాపులో చూసే వీలు కూడా ఉంది! పత్రికల్లో వచ్చాకే మూశారు. రిజర్వేషన్ కావాలంటే కులం రాయాల్సిందే, అందుకు మేం వ్యతిరేకం కాదు. కానీ 1985 కారంచేడు, 1991 చుండూరు ఎరిగినవాళ్ళం, అలాంటి జాబితా ఎవరి చేతిలో పడుతుందోనని భయపడకుండా ఎట్టా ఉంటాం?

కంప్యూటర్ల భద్రత చూసేవాళ్ళకి ఒక సూత్రముంది: పనికి ఎంత అవసరమో అంతే ఇవ్వాలి. లాడ్జిలోనో, అద్దింటికో ఆధార్ అడిగితే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు. ఓటీపీ ఎవడికీ చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. బళ్ళో పిల్లలకి ఇవే చెబుతున్నాం.

చిక్కంతా వేలిముద్ర దగ్గరే. తాతలు ప్రాంసరీ నోటు మీద వేసిన ముద్ర పొలాల్ని మింగింది. ఇప్పుడు ఖాతాల వంతు. 2022లో సైబరాబాద్ పోలీసులకు చిక్కిన ముఠా ఆంధ్ర రిజిస్ట్రేషన్ దస్తావేజుల్ని ఇంటర్నెట్ నుంచి దింపుకుని, వాటిమీది ముద్రలకి నకిలీలు చేసి డబ్బు కాజేసింది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు, ఓటీపీతో పనిలేదు. పిన్ను పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకుంటామా?

వేలిముద్రకి యాప్‌లో తాళం వేసుకోమంటారు చదువుకున్నోళ్ళు. కుర్రాళ్ళు వేసుకోండి, అవసరానికి తీసుకోండి. ఫోను లేని ముసలమ్మకి రేషనుకీ వేలే, పింఛనుకీ వేలే. తాళం వేస్తే బువ్వకే వేసినట్టు. ఆమె ముద్రకి కాపలా కాయాల్సింది సర్కారు. ఆ సర్కారేమో 2023 చట్టంలో, పథకాల పేరుమీద మన వివరాల్ని మళ్ళీ సమ్మతి అడక్కుండా వాడుకునే వెసులుబాటు తనకి తానే ఇచ్చుకుంది.

మన కులం, ఖాతా రాసుకున్న ఆఫీసుని అడుగుదాం: ఇవి ఎవరెవరు చూస్తారు, ఎన్నేళ్ళు ఉంచుతారు? సమాచార హక్కు కింద ఊళ్ళో అడిగితే రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10.