పదమూడు రూపాయల తగువు

కొనుగోలుదారుల హక్కులనే మాట ఎత్తగానే మన మిత్రులలో కొందరు పెదవి విరుస్తారు. చేతిలో డబ్బూ కావలసినంత తీరికా ఉన్న పెద్దమనుషుల వ్యాపకమట అది. కూలిరేట్ల కోసం, భూమి కోసం పోరాడవలసినవాళ్లు సబ్బు ధర దగ్గర రభస చేయడం చిన్నతనమట. ఈ అభిప్రాయం తప్పు. అంతకన్నా ముఖ్యం, ఈ తప్పు అభిప్రాయం వల్ల వర్తకునికి రోజూ లాభం చేకూరుతున్నది.

2025 అక్టోబరులో హిందూపురంలో ఒక సూపర్ మార్కెట్టులో నా కళ్లముందు జరిగిన సంగతి చెబుతాను. నాకు ముందు వరుసలో ఒక గార్మెంటు ఫ్యాక్టరీ కార్మికురాలు నిలబడి ఉంది. అంతకుముందు రోజు ఆమె ఒక సబ్బుల కట్ట కొన్నది. అరకు తగిలించిన చీటీలో 105 రూపాయలని ఉంది. ఇంటికి పోయి చూసుకుంటే బిల్లులో 118 పడింది. కట్టా బిల్లూ రెండూ పట్టుకొచ్చి పదమూడు రూపాయలు తిరిగి ఇమ్మని అడిగింది.

"నిన్ననే ఈడ చూసుకోవల్ల గదక్కా" అంది కౌంటరు దగ్గర అమ్మాయి. సూపర్‌వైజరు వచ్చాడు. "ఎమ్మార్పీ దాటినామా? ప్యాకెట్టు మీద ఏముందో చదువుకో. అయినా ఇది ఈడే కొన్నావని ఏం గ్యారంటీ?" అన్నాడు. బిల్లు ఆమె చేతిలోనే ఉంది. వెనక వరుసలోవాళ్లు విసుక్కుంటున్నారు. ఆమె కాసేపు నిలబడి, మరొక్క మాట అనకుండా వెళ్లిపోయింది. సూపర్‌వైజరు అటు తిరగగానే కౌంటరు అమ్మాయి నాతో మెల్లగా, "వాపసు ఇస్తే మా జీతంలో పట్టుకుంటారు సార్" అంది.

ఈ చిన్న నాటకంలో దుకాణం యజమాని ఎక్కడా కనబడడు. అతను లేకుండానే పని జరిగిపోయింది. మెషీను ముందు రోజంతా వంగి కుట్టే ఒక కూలిమనిషీ, రోజంతా నిలబడి బిల్లులు కొట్టే మరొక కూలిమనిషీ ఒకరినొకరు దొంగను చూసినట్లు చూసుకున్నారు. పదమూడు రూపాయలు మాత్రం చేరవలసిన చోటికి చేరాయి.

ఆ పదమూడు ఎక్కడివో చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి స్నానపు సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనెల మీద జి.ఎస్.టి.ని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. పన్ను కాక వంద రూపాయల సరుకు నిన్నటిదాకా 118 అయితే, ఆ రోజునుంచి 105 కావాలి. కావాలి అంటున్నాను గాని, అయి తీరేటట్లు చూసే నాథుడెవరు? పన్ను తగ్గింపును జనానికి చేరనీయకుండా మింగేవారిని విచారించడానికి 2017లో ఒక జాతీయ సంస్థను పెట్టారు. 2022 డిసెంబరులో దాని పనిని కాంపిటీషన్ కమిషనుకు అప్పజెప్పారు. 2024 అక్టోబరులో దాన్ని జి.ఎస్.టి. ట్రిబ్యునలుకు మార్చారు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడమే మానేశారు. ఆ తలుపు మూసి ఆరునెలలు తిరగకముందే, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత పెద్ద పన్ను తగ్గింపు వచ్చింది! ఆ తర్వాత ఫిర్యాదు ఉన్నవారిని 1915 నంబరుకు ఫోను చేసుకోమన్నారు. పాత సరుకు మీద తగ్గిన ధర చీటీ అంటించుకోవచ్చునన్నారే కాని, అంటించి తీరాలనలేదు.

కనుక సూపర్‌వైజరు "ఎమ్మార్పీ దాటినామా?" అని అడగడం తెలివితక్కువతనం కాదు. చట్టాన్ని డాలుగా పట్టుకుని మాట్లాడుతున్నాడతను. అట్ట మీద అచ్చువేసిన ధరకు మించి అమ్మరాదని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. మంచిదే. కాని ఆ ధరను నిర్ణయించేది ఎవరు? సరుకు తయారుచేసిన కంపెనీయే. ఎంత వేయాలో దానికి చెప్పేవారు, ఒకటి రెండు సరుకుల విషయంలో తప్ప, లేరు. వర్తకుని అత్యాశకు హద్దు పెట్టవలసిన అంకె ఈ విధంగా అతని తప్పుకు సాకుగా మారింది. అయితే ఆ సాకు కూడా చివరిదాకా నిలిచేది కాదు. అరలో ఒక ధర చూపి కొనిపించి బిల్లులో మరొకటి వేయడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. అమ్మిన సరుకులో లోపముంటే బిల్లులో రాసిన గడువులోపల, గడువేమీ రాయకపోతే ముప్పై రోజుల్లో, వాపసు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడమూ అంతే. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడమీద ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా, ఆ రాతకు చట్టాన్ని కొట్టివేసే శక్తి లేదు.

పాతకాలం అంగళ్లు ధర్మసత్రాలని నేననడం లేదు. బెల్లం, చింతపండు మార్కెట్టుకు పేరుపడ్డ హిందూపురంలో తరుగు పేరుతో రైతును ఎట్లా కోస్తారో తెలియనివారెవరు? తక్కెడ దండి కొట్టే విద్య కంప్యూటరుతో పుట్టలేదు. కాని ఆ తక్కెడ మన ఎదురుగా వేలాడుతుండేది. ముల్లు ఒరిగితే కనబడేది, గట్టిగా అడిగితే నాలుగు గింజలు కొసరు పడేవి. ఇప్పటి తక్కెడ యంత్రం లోపల ఉంది. గీతల గుర్తు మీద వెలుతురు పడుతుంది, కీచుమంటుంది, అంకె పడుతుంది. అది ఎవరు వేసిన అంకె అంటే "సిస్టంలో అట్లే ఉంది" అని జవాబు. సిస్టంలోకి అంకె తనంత తాను నడిచిపోదు.

పొరపాట్లు జరగవా అని అడగవచ్చు. జరుగుతాయి. పొరపాటే అయితే సగం మాట్లు మనవైపుకూ ఒరగాలి కదా! బయటికి పోయేచోట కాపలామనిషి మన సంచీ చూసి, బిల్లు చూసి, ముద్ర కొట్టి పంపుతాడు. బిల్లు పడని సరుకు సంచీలో ఉన్నదేమోనని అతని తనిఖీ. ఎక్కువ పడ్డ ధర బిల్లులో ఉన్నదేమోనని తనిఖీ చేసే కాపలామనిషిని నేనింతవరకూ ఏ దుకాణంలోనూ చూడలేదు. లెక్క కోసం అనుకుందాం: రోజుకు మూడు వందల బిల్లులు, బిల్లుకు ఐదు రూపాయల పొరపాటు. నెలకు 45 వేలు. కౌంటర్లలో నిలబడే అమ్మాయిల్లో ముగ్గురు నలుగురి జీతం అందులోంచే వెళ్లిపోతుంది. అంటే వారి కూలి కూడా మన చేతనే కట్టిస్తున్నారన్నమాట. (తమ పేరు అచ్చువేసిన సంచీకి మన దగ్గరే డబ్బు వసూలు చేయడం తప్పని 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చాక కూడా సంచీకి డబ్బు ఇచ్చి వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి.)

చట్టం ఉంది కదా, పోయి అడగవచ్చు కదా అనేవారికి ఒక మాట. ఐదు లక్షల లోపు సరుకుకు వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, ఎవరి వాదన వారే చెప్పుకోవచ్చు. ఇదంతా నిజం. కాని హిందూపురం నుంచి అనంతపురం కమిషనుకు వంద కిలోమీటర్ల పైమాటే. పోను రాను చార్జీ, ఒక రోజు కూలి, ఇన్‌చార్జి తిట్లు, ఇవన్నీ కలిపి ఒక పక్క పెట్టండి. రెండో పక్క పదమూడు రూపాయలు. ఏ కార్మికురాలు పోతుంది? వాయిదా వచ్చేనాటికి బిల్లు కూడా మిగలదు. అది వేడితో అచ్చు పడే కాగితం, కొన్ని వారాలకు తెల్లబోతుంది. ఒకవేళ తూనికలు కొలతల శాఖవారు వచ్చి జరిమానా వేసినా ఆ సొమ్ము ఖజానాకు పోతుంది. పోగొట్టుకున్న మనిషికి పైసా రాదు. మనిషి ఒంటరిగా ఉన్నంతకాలం ఈ హక్కు కాగితం మీదనే ఉంటుందనడానికి ఇంతకన్న రుజువు అక్కరలేదు.

కార్మికుని చేతికి కూలి అందీ అందకముందే దాని కోసం కాచుకుని ఉండేవారి వరుసలో ఇంటి యజమానితో, తాకట్టు వ్యాపారితో పాటు దుకాణదారును కూడా మార్క్సు, ఎంగెల్సులు 1848లోనే నిలబెట్టారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర పెరిగిన కూలిని అంగడి గేటు దగ్గర పోగొట్టుకుంటే పెరిగినట్లా? ఇది కూలిపోరాటానికి రెండో సగం. ఈ సంగతి 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేతగాళ్లకు తెలుసు. కల్తీ సరుకుతో, తప్పుడు తూకంతో విసిగి, తలా ఒక పౌను చొప్పున కూడబెట్టి, ఇరవై ఎనిమిది మంది సొంత దుకాణం తెరిచారు. ధర్మవరం నేతగాళ్లకు ఆ కథ చెబితే వివరించవలసిన పని ఉండదు. మన దేశంలో కూడా సూపర్ అన్న మాటతో పేరుపడ్డ తొలి అంగడి ప్రైవేటు వర్తకునిది కాదు. 1966లో రూపాయి విలువ తగ్గించాక ఎగబాకిన ధరలను పట్టుకోవడానికి ఢిల్లీలో పెట్టిన సహకార సూపర్ బజార్ అది. ఆ సహకారం ఎండిపోయింది. పేరు మాత్రం వర్తకునికి దక్కింది.

ఇంకొక ఉదాహరణ అమెరికాదే తీసుకుంటాను. గీతల గుర్తును చదివే యంత్రం 1974లో ఒహాయో రాష్ట్రంలో ఒక దుకాణంలో మొదలయింది. ఇక ప్రతి సరుకు మీదా ధర చీటీ అక్కరలేదని యజమానులన్నారు. చీటీ తీస్తే మోసం తెలియదని కొనుగోలుదారులూ, చీటీలు వేసేవారి ఉద్యోగాలు పోతాయని గుమాస్తాల సంఘాలూ కలిసి అడ్డుపడ్డారు. మిషిగన్ రాష్ట్రం 1976లో ఒక చట్టం చేసింది. యంత్రం ఎక్కువ వసూలు చేస్తే, ముప్పై రోజుల్లో చెప్పిన కొనుగోలుదారుకు తేడా తిరిగి ఇవ్వాలి. దానిపైన ఆ తేడాకు పదింతలు, ఒక డాలరుకు తగ్గకుండా ఐదు డాలర్లకు మించకుండా, చెల్లించాలి. రెండు రోజుల్లో చెల్లించకపోతే కోర్టుకు పోవచ్చు. ప్రతి సరుకు మీదా చీటీ ఉండాలన్న నియమాన్ని 2011లో యజమానులు తీయించుకున్నారు గాని, పదింతల నియమాన్ని తీయించలేకపోయారు. పెట్టుబడిదారీ దేశాల్లో మొనగాడైన దేశంలోనే ఇది చెల్లినప్పుడు ఇక్కడ అడగడానికి మనకెందుకు మొగమాటం? తేడా పైకం వెంటనే, పదింతలు అదనంగా, అంగడిలోనే, కొనుగోలుదారు చేతికే ఇవ్వాలి. మన కోరిక ఇదీ.

దీనికి జంటగా మరొక కోరిక ఉంది. అది లేకుండా మొదటిది సాగదు. వాపసు ఇచ్చిన సొమ్మును కౌంటరు అమ్మాయి జీతంలో కోయకూడదు. ఉద్యోగి అజాగ్రత్త వల్లనే నష్టం జరిగిందని తేలితే తప్ప, ఆమె సంజాయిషీ వినకుండా, జీతం కోయరాదని 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ ఉంది, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. సిస్టంలో ధర మార్చకపోవడం ఆమె అజాగ్రత్త కాదు. ఈ రక్షణ ఉన్ననాడు, ఆ అమ్మాయి పదమూడు రూపాయలకు తన తోటి కూలిమనిషితో తగువాడవలసిన అవసరమే పడదు.

ఒకే రకం నష్టం పొందినవారంతా కలిసి ఒకే ఫిర్యాదు పెట్టడానికి 2019 చట్టంలో వీలున్నది. విద్యార్థి సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ ఈ పని ఎత్తుకోవచ్చు. ఆదివారం సాయంత్రం బజారులో ఒక బల్ల వేసుకుని కూచుంటే చాలు. బిల్లు తెల్లబోకముందే ఫోటో తీయడం, అరలోని చీటీతో పోల్చడం, తేదీవారీగా ఒక పుస్తకంలో ఎక్కించడం, ఒకే దుకాణం మీద ఇరవై బిల్లులు చేరగానే అందరి సంతకాలతో అర్జీ తయారు చేయడం. కౌంటర్లలో పనిచేసేవాళ్లకు ఆదివారం సెలవుండదు. కాబట్టి వారి కోసం, దుకాణాలు మూసిన తర్వాత, రాత్రి పదిన్నరకు కూడా ఆ బల్ల అక్కడే ఉండాలి.